ఇరుకు మలుపుల్లో లారీ నడపడం

ఇరుకు మలుపుల్లో లారీ నడపడం భారీ వాహనాల డ్రైవింగ్‌లో అన్నిటికంటే ముందు నేర్పే పాఠం, అందరికీ ఆలస్యంగా పట్టుబడే విద్య. సందు మొగ, రైసు మిల్లు గేటు, నాలుగు రోడ్ల కూడలి, ఘాట్‌లోని హెయిర్‌పిన్ వంపు చూడటానికి వేర్వేరుగా కనిపించినా వాటన్నిటా లారీకి ఎదురయ్యే సమస్య ఒకటే. ముందు చక్రాలు నడిచిన దారిలో వెనక చక్రాలు నడవవు. అవి మలుపు లోపలివైపుకు జరిగి, మూలను కోసుకుంటూ వస్తాయి. కారు అలవాటుతో లారీ ఎక్కినవాడు ముందు టైరు ఆనవాలుగా స్టీరింగ్ తిప్పుతాడు. పాత డ్రైవరు వెనక టైరు ఎక్కడుందో లెక్క చూసుకుని తిప్పుతాడు. ఇరుకు మలుపుల నైపుణ్యంలో అధిక భాగం ఈ ఒక్క మార్పులోనే ఉంది. మిగతాది మలుపులోకి దిగకముందే వేగం, గేరు, జాగా తేల్చుకోవడం.

వెనక చక్రాల దారి

మామూలు లారీలో పక్కకు తిరిగేవి ముందు చక్రాలే. వెనక యాక్సిల్ చాసిస్‌కు అడ్డంగా బిగించి ఉంటుంది కాబట్టి ముందు భాగం లాగినవైపు రావడం తప్ప దానికి మరో దారి లేదు. అందువల్ల అది ముందు యాక్సిల్ కంటే చిన్న వృత్తంలో తిరుగుతుంది. దీని లెక్క హైస్కూలు జ్యామితే. ముందు యాక్సిల్ తిరిగే వృత్త వ్యాసార్ధపు వర్గంలోంచి వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం) వర్గాన్ని తీసివేస్తే వెనక యాక్సిల్ వ్యాసార్ధపు వర్గం వస్తుంది.

ముందు యాక్సిల్ నడిభాగం 12 మీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతోందనుకుందాం. 2.5 మీటర్ల వీల్‌బేస్ ఉన్న కారులో వెనక చక్రాలు పావు మీటరు మాత్రమే లోపలికి జరుగుతాయి. 4 మీటర్ల వీల్‌బేస్ ఉన్న చిన్న లారీలో అది 0.7 మీటర్లు, 6 మీటర్ల వీల్‌బేస్ ఉన్న పొడుగు లారీలో 1.6 మీటర్లు. 3.5 మీటర్ల వీల్‌బేస్ ఉన్న ట్రాక్టరు (ట్రైలరును లాగే ముందు బండి), కొక్కెం నుంచి వెనక యాక్సిల్ దాకా 8.5 మీటర్లున్న ట్రైలరును లాగితే ట్రైలరు చక్రాలు 4 మీటర్లకు పైగా లోపలికి వస్తాయి. అంటే ఒక వరుస రోడ్డు వెడల్పును మించి. ఇది బండి చాలాసేపు అదే వృత్తంలో తిరిగినప్పటి లెక్క. 90 డిగ్రీల మలుపులో ట్రైలరు అంతదూరం లోపలికి రాకముందే మలుపు అయిపోతుంది. 180 డిగ్రీల హెయిర్‌పిన్‌లో దాదాపు పూర్తిగా వస్తుంది. ఊళ్లో మలుపులన్నీ తిప్పగలిగిన ట్రైలరు డ్రైవరు కొండ మీద తడబడటానికి ఇదొక కారణం.

ముందు చక్రాలు రెండూ కూడా ఒకే కోణంలో తిరగవు. లోపలి చక్రం చిన్న వృత్తంలో పోవాలి కాబట్టి అది ఎక్కువ మళ్లాలి. గుర్రపు బళ్ల కాలంలోనే మ్యూనిక్‌కు చెందిన గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ 1817లో ఇందుకు తగిన అమరిక కనిపెట్టాడు. 1818లో లండన్‌లో దాని పేటెంటు రుడాల్ఫ్ ఆకెర్‌మాన్ పేరిట నమోదైంది. ఈనాటి లారీ స్టీరింగు లింకులకూ ఆ సూత్రమే ఆధారం.

మలుపులో బండి తోక చేసే పని మరొకటుంది. వెనక యాక్సిల్‌కు అవతల వేలాడే బాడీ మలుపుకు వ్యతిరేక దిక్కున బయటికి ఊగుతుంది. ఈ వేలాడే భాగం వీల్‌బేస్‌లో 60 శాతం మించరాదని కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 93వ నియమం చెబుతుంది. 6 మీటర్ల వీల్‌బేస్‌కు ఆ గరిష్ఠ హద్దు వరకూ బాడీ కడితే, పూర్తిగా స్టీరింగు కోసినప్పుడు వెనక మూల అర మీటరు దాకా బయటికి పోగలదు. ఎడమవైపు తిరిగే లారీ కుడివైపు ఆగి ఉన్న ఆటోను గీరుకుపోయేది ఇందువల్లే.

బండిని బట్టి మలుపు

లారీలను టైర్ల లెక్కన పిలవడం మనకు వాడుక. ఆరు టైర్ల బండికి వెనక ఒకటే యాక్సిల్ కాబట్టి అది తేలిగ్గా తిరుగుతుంది. పది టైర్ల బండికి వెనక రెండు యాక్సిళ్లుంటాయి. మలుపులో ఆ రెంటి మధ్య బిందువే ఇరుసుగా పనిచేస్తుంది కాబట్టి ఏ యాక్సిల్ టైర్లూ పూర్తిగా దొర్లవు. కొంత దొర్లి, కొంత పక్కకు రాసుకుంటాయి. పన్నెండు, పద్నాలుగు, పదహారు టైర్ల బళ్లలో ఈ రాపిడి ఇంకా ఎక్కువ. నిలబడి ఉన్న లోడు బండికి స్టీరింగు పూర్తిగా కోసి లాగిస్తే టైర్ల అంచులు అరిగిపోయేది, రోడ్డు మీద తారు లేచేది ఇలాగే. లిఫ్ట్ యాక్సిల్ ఉన్న బళ్లలో దాన్ని ఖాళీ బండికి పైకి ఎత్తుతారు. లోడులో దింపక తప్పదు. అందుకే ఒకే బండి ఖాళీగా ఒకలా, లోడుతో మరొకలా తిరుగుతుంది.

డ్రైవరు కూర్చునే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. మన రోడ్ల మీద తిరిగే చాలా లారీలకు ఇప్పుడు ముందుకు పొడుచుకొచ్చిన బానెట్ ఉండదు. క్యాబిన్ ఇంజిన్ మీదనే ఉంటుంది. డ్రైవరు సీటు ముందు చక్రాల మీదో వాటికి కాస్త ముందో ఉంటుంది. కారులోనైతే ముందు చక్రాలు మనకంటే ముందు ఉంటాయి. తాను మూల దగ్గరికి రాగానే తిప్పే కారు అలవాటు లారీలో కనీసం ఒక మీటరు తొందరపాటు అవుతుంది. తను మూలను దాటి, రోడ్డులోకి ఇంకా ముందుకు వెళ్లాకే స్టీరింగు తిప్పడం మొదలుపెట్టాలి. ఇది మొదట్లో భయం కలిగించే పని. ఎదుటి గోడ మీదికే పోతున్నట్టు ఉంటుంది.

ఎడమ మలుపు, కుడి మలుపు

మన దేశంలో ఎడమవైపున నడుపుతాం, డ్రైవరు కుడివైపున కూర్చుంటాడు. కాబట్టి ఎడమ మలుపు రెండు రకాలుగా కష్టం. వ్యాసార్ధం చిన్నది, లోపలికి కోసే ఎడమ వెనక చక్రం డ్రైవరుకు దూరంగా, అద్దంలో తప్ప కనిపించని చోట ఉంటుంది. బండి మళ్లుతున్నకొద్దీ ఎడమ అద్దంలో బాడీ పక్కే తప్ప ఏమీ కనబడని క్షణం ఒకటి వస్తుంది. ప్రమాదం పొంచి ఉండేది అక్కడే.

కొత్త డ్రైవర్లు ఇక్కడ చేసే పొరపాటు, మలుపుకు ముందే కుడివైపుకు బాగా జరిగి జాగా చేసుకోవడం. అలా జరిగితే ఎడమవైపు ఒక బైకు పట్టేంత ఖాళీ ఏర్పడుతుంది. లారీ కుడికి పోతోందనుకుని వెనక వస్తున్న బైకు అందులోకి దూరుతుంది. మరుక్షణం లారీ ఎడమకు తిరుగుతుంది. సరైన పద్ధతి వేరు. ముందుగా ఇండికేటరు వేసి, ఎడమ అంచుకు బైకు దూరనంత దగ్గరగా, చక్రం తగలనంత దూరంగా బండిని ఉంచాలి. నేరుగా కూడలిలోకి వెళ్లి, ఆలస్యంగా తిప్పాలి. అవసరమైన అదనపు జాగాను తిరగబోయే రోడ్డు మీద, దాని కుడి భాగంలో తీసుకోవాలి. ఎదురుగా వచ్చే బండి అక్కడ ఉంటే ఆగి దాన్ని పోనివ్వాలి. వెనక ఉన్నవాళ్ల హారన్లకు లొంగి తిప్పితే నష్టపోయేది తిప్పినవాడే.

కుడి మలుపులో వెనక చక్రం డ్రైవరు వైపే ఉంటుంది, వృత్తం పెద్దది, అద్దంలో దారి కనబడుతుంది. ఇక్కడ తప్పు తొందరగా తిప్పడం వల్ల జరుగుతుంది. కూడలి నడిభాగం దాటకుండా కోస్తే కుడి వెనక టైరు డివైడరు ఎక్కుతుంది, లేదా ఎదుటి రోడ్డులో ఆగి ఉన్న వాహనాల మీదికి బాడీ వస్తుంది.

ఏ మలుపులోనైనా అద్దాలను ఒకసారి చూసి వదిలేస్తే చాలదు. మలుపుకు ముందు రెండువైపులా, తిరుగుతుండగా లోపలివైపు, ముగిసేటప్పుడు తోక ఊగే బయటివైపు చూడాలి. వెనక చక్రం మూల దాటిందని కళ్లారా చూశాకే స్టీరింగు తిన్నగా చేయాలి.

వేగం, లోడు

మలుపులో బండిని బయటికి నెట్టే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే పక్కకు తోసే త్వరణం గురుత్వ త్వరణంలో అయిదో వంతు. అదే మలుపును 30తో తిరిగితే దాదాపు సగం. ఎత్తుగా నిండిన లారీ సుమారు 0.35 నుంచి 0.4 వంతు దగ్గరే బోల్తా కొట్టవచ్చు. స్పీడోమీటరు ముల్లు 20 నుంచి 30కి జరిగితే, క్షేమానికి బోల్తాకు మధ్య ఉన్న దూరమంతా అయిపోయినట్టే.

సరుకు స్వభావం ఈ హద్దును మారుస్తుంది. పత్తి బేళ్లు, గడ్డి వంటివి బరువు తక్కువైనా ఎత్తుగా పేరుస్తారు కాబట్టి బరువు కేంద్రం పైకి పోతుంది. సగం నిండిన ట్యాంకరులో ద్రవం మలుపు బయటివైపుకు పొర్లి అక్కడే బరువు మోపుతుంది. అందువల్ల నిండు ట్యాంకరు కంటే సగం ట్యాంకరుకు మలుపులో భయం ఎక్కువ. చీమకుర్తి క్వారీల నుంచి రేవులకు పోయే గ్రానైటు బండ వంటి సరుకులో ఎత్తు సమస్య తక్కువ. కట్టు వదులైతే మాత్రం బండ ఒక్కసారిగా జరుగుతుంది. ట్రైలరులో మరో చిక్కు ఉంది. లోపలివైపు ట్రైలరు చక్రాలు నేల విడిచినా క్యాబిన్‌లోని డ్రైవరుకు వెంటనే తెలియదు. తెలిసేసరికి సరిదిద్దే వ్యవధి ఉండదు.

బ్రేకు తిన్నటి దారిలోనే, మలుపుకు ముందే వేయాలి. మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు వేస్తే ఖాళీ ట్రైలరు చక్రాలు బిగుసుకుని, ట్రైలరు పక్కకు జారి, ట్రాక్టరు మీదికి ముడుచుకుపోతుంది. గేరు కూడా ముందే మార్చుకోవాలి. మలుపులో క్లచ్ తొక్కి బండిని ఊరికే దొర్లనిస్తే ఇంజిన్ పట్టు పోతుంది.

ఘాట్ రోడ్లు

ఆంధ్రప్రదేశ్‌లో దోర్నాల–శ్రీశైలం, నంద్యాల–గిద్దలూరు దారుల్లోని నల్లమల ఘాట్లు, మారేడుమిల్లి–చింతూరు ఘాట్, అరకు దారిలోని అనంతగిరి ఘాట్, తెలంగాణ వైపు మన్ననూరు మీదుగా శ్రీశైలం దిగే దారి తెలుగు డ్రైవర్లకు బాగా తెలిసిన కొండ మలుపులు. దక్షిణాదికి సరుకు తోలేవారికి సత్యమంగళం నుంచి మైసూరు వైపు ఎక్కే ధింబం ఘాట్‌లోని 27 హెయిర్‌పిన్ వంపులు, వయనాడు ఎక్కే తామరశ్శేరి చురంలోని 9 వంపులు తగులుతాయి.

ఘాట్‌లో ఎడమ హెయిర్‌పిన్ కష్టమైనది. ఎడమన నడిచే బండి వంపు లోపలి అంచున ఉంటుంది. అక్కడ వ్యాసార్ధం చిన్నది, ఎక్కుడు నిటారు. లోపలి అంచునే పట్టుకుని ఎక్కించబోతే బరువు తేలిన చక్రం ఉత్తినే తిరిగి బండి మధ్యలో ఆగిపోతుంది. అందుకే హారన్ కొట్టి, ఎదురుగా ఏమీ రావడం లేదని నిర్ధారించుకుని, వంపు బయటి భాగం నుంచి వెడల్పుగా తిప్పుతారు. కుడి హెయిర్‌పిన్‌లో బండి సహజంగానే బయటి అంచున ఉంటుంది. అక్కడ లోపలికి కోసే ఆశను అణచుకుంటే చాలు.

దిగేటప్పుడు, ఎక్కడానికి ఏ గేరు కావాలో ఆ గేరులోనే లేదా అంతకంటే తక్కువలో దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. ఎగ్జాస్ట్ బ్రేకు, ఇంజిన్ పట్టు వేగాన్ని అదుపులో ఉంచాలి. కాలి బ్రేకును అదే పనిగా తొక్కితే డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంది. మాటిమాటికీ తొక్కి వదిలితే ట్యాంకులో గాలి తరుగుతుంది. డీజిలు ఆదాకు న్యూట్రల్‌లో దిగడం ప్రాణాలతో ఆడుకోవడమే.

రెండు బళ్లు పట్టని చోట దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది రోడ్డు నియమం. ఎక్కే లోడు బండి ఆగితే తిరిగి కదలడం కష్టం. తిరుమలలో ఈ ఎదురుబొదురు సమస్యను మరోలా తీర్చారు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డును దిగడానికి, 1974లో వచ్చిన రెండో రోడ్డును ఎక్కడానికి కేటాయించారు.

రోడ్డు నిర్మాణంలో మలుపు

మలుపులో లారీ ఎక్కువ జాగా తీసుకుంటుందన్న సంగతి రోడ్డు వేసే ఇంజనీర్ల లెక్కలోనే ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం హెయిర్‌పిన్ వంపుకు కనీస డిజైన్ వేగం గంటకు 20 కిలోమీటర్లు, లోపలి అంచుకు కనీస వ్యాసార్ధం 14 మీటర్లు, రెండు వరుసల జాతీయ, రాష్ట్ర రహదారుల మీద వంపు కొసన రోడ్డు వెడల్పు కనీసం 11.5 మీటర్లు. వరుసగా వచ్చే రెండు వంపుల మధ్య 60 మీటర్ల తిన్నటి దారి ఉండాలి. పొడుగు బండి ఒక మలుపు నుంచి పూర్తిగా తేరుకుని రెండోదానికి సిద్ధం కావడానికి ఆ ఎడం కావాలి.

మామూలు వంపుల్లోనూ రోడ్డును అదనంగా వెడల్పు చేస్తారు. రెండు వరుసల రోడ్డుకు వ్యాసార్ధం 40 మీటర్ల లోపైతే 1.5 మీటర్లు, 60 దాకా 1.2, 100 దాకా 0.9, 300 దాకా 0.6 మీటర్లు. ఆ పైన అక్కర్లేదు. ఈ లెక్కకు పట్టే వీల్‌బేస్ 6 మీటర్లే. పాత ఊరి వీధులకు ఈ ప్రమాణాలేవీ వర్తించవు, ట్రైలరు పొడవు ఆ 6 మీటర్లను ఏనాడో దాటిపోయింది.

గేట్లు, రివర్సు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు, గోదావరి జిల్లాల రైసు మిల్లుల వంటి చోట్ల లారీ పగలంతా నడిచిన దూరం కంటే చివరి యాభై అడుగులే ఎక్కువ పరీక్ష పెడతాయి. ఇరుకు రోడ్డు మీంచి 90 డిగ్రీలు తిరిగి గేటులోకి దూరాలి. ఇక్కడ డ్రైవరుకు రెండో జత కళ్లు క్లీనరే. అతను ఎడమ వెనక చక్రం దగ్గర, అద్దంలో కనిపించేలా నిలబడతాడు. “రానీ, రానీ” అంటూ బాడీ మీద తడుతూ, చక్రం స్తంభానికి జానెడు దూరంలో ఉండగా “హోల్డాన్” అంటాడు. డ్రైవరు ఆపుతాడు. అర అడుగు వెనక్కి, స్టీరింగు మళ్లీ కోత, మళ్లీ ముందుకు. రెండు మూడు దఫాలుగా తిప్పడం చేతకానితనం కాదు, పద్ధతి. క్లీనరు చక్రానికీ గోడకూ మధ్య ఎన్నడూ నిలబడకూడదు. అతను అద్దంలోంచి మాయమైతే బండి ఆగాలి. క్లీనరు లేకుండా ఒంటరిగా నడిపే డ్రైవర్లు ఇప్పుడు పెరిగారు. వారికి మిగిలిన ఉపాయం దిగి చుట్టూ చూసుకోవడమే. కింది గుంత, కల్వర్టు మూత, తల పైన కరెంటు తీగ సీట్లోంచి కనబడవు.

ట్రైలరును రివర్సు చేసేటప్పుడు స్టీరింగు తిప్పిన దిక్కుకు వ్యతిరేకంగా ట్రైలరు తోక పోతుంది. కొద్దికొద్దిగా తిప్పి, ముడుచుకోక ముందే ముందుకు తీసి సరిచేసుకోవాలి. వీలైనంతవరకు డ్రైవరు వైపుకే, అంటే కుడివైపుకే రివర్సు చేసేలా బండిని నిలుపుకోవడం మేలు.

శిక్షణ, చట్టం

మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపడానికి కనీస వయసు 20 ఏళ్లు. లైట్ మోటారు వాహనం లైసెన్సు వచ్చి కనీసం ఏడాది గడిచాకే రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్సు ఇస్తారు. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న పాత నిబంధనను 2019లో తీసేశారు. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నియమాల్లో మధ్యతరహా, భారీ వాహనాల కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. ఇందులో తరగతి పాఠాలూ ప్రాక్టికలూ కలిసే ఉంటాయి.

కాగితం మీది దారి ఇది. చాలామంది తెలుగు డ్రైవర్లు మాత్రం క్లీనరుగా చేరి, రాత్రి ఖాళీ రోడ్ల మీద గురువు పక్కన కూర్చుని నేర్చినవారే. ఆ పద్ధతిలో చేతికి పట్టు దొరుకుతుంది, గురువు తప్పులూ వెంటే వస్తాయి. ఖాళీ మైదానంలో డ్రమ్ములు పెట్టి, వెనక చక్రం ఎంత లోపలికి వస్తోందో సుద్దగీతతో చూపించే అరగంట పాఠం ఎన్నో నెలల భయాన్ని తీర్చగలదు.

ఇతర దేశాల్లో

యూరోపియన్ యూనియన్‌లో ప్రతి భారీ వాహనమూ 12.5 మీటర్ల బయటి వ్యాసార్ధం, 5.3 మీటర్ల లోపలి వ్యాసార్ధం గల వలయంలో ఇమిడి తిరగగలగాలి. అమెరికాలో 53 అడుగుల ట్రైలర్లు సాధారణం. కుడివైపున నడిపే ఆ దేశంలో ఇబ్బంది పెట్టేది కుడి మలుపు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు ట్రైలరు కొక్కెం నుంచి వెనక యాక్సిల్ దాకా దూరానికి 40 అడుగుల హద్దు పెట్టాయి. అమెరికా అంతటా 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్త డ్రైవర్లకు నిర్దేశిత పాఠ్యక్రమంలో ముందస్తు శిక్షణ తప్పనిసరి. ఎడమ మలుపు తిరిగే లారీల కింద సైకిలు వాళ్లు నలిగిపోతున్నందున లండన్ నగరం క్యాబిన్ నుంచి డ్రైవరుకు నేరుగా ఎంత కనబడుతుందో కొలిచి భారీ లారీలకు నక్షత్రాలు ఇస్తోంది. 2024 అక్టోబరు నుంచి మూడు నక్షత్రాల కంటే తక్కువున్న లారీ అదనపు భద్రతా పరికరాలు లేకుండా ఆ నగరంలో తిరగరాదు.

పక్కన నడిచేవారి బాధ్యత

లారీ డ్రైవరు ఎంత నేర్పరి అయినా, పక్కనున్నవారి సహకారం లేకుండా ఇరుకు మలుపు క్షేమంగా ముగియదు. ఎడమ ఇండికేటరు వేసిన లారీకి ఎడమవైపున బైకు దూర్చవద్దు. కూడలిలో గీత దాటి ముందుకొచ్చి ఆగితే లారీ తిరగాల్సిన జాగాను ఆక్రమించినట్టే. తిరుగుతున్న లారీ వెనక మూలకు కనీసం ఒక మీటరు ఎడం ఇవ్వండి. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే, మీరు అతనికి కనబడటం లేదని గుర్తుంచుకోండి.